తోడు వచ్చినామె

జమ్మలమడుగు

ఖలీల్ నాయనకు మహమూదా సలాం చెప్పి రాసేది. అల్లా దయ వల్ల ఇక్కడ ఇల్లూ మనుషులూ నిలబడే ఉన్నాం. అక్కడ మీరు వేళకు తింటూ, ఎండలో బండి కడిగేటప్పుడు తలకు తడిగుడ్డ కట్టుకుంటూ ఉన్నారని అనుకుంటాను. అందరమూ క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. చివరిదాకా చదివాక ఆ మాట ఉంచాలో కొట్టేయాలో మీరే చూసుకోండి.

రహీం చేతికిచ్చి పంపిన ఉత్తరం అందింది. ఫోన్లు వచ్చి ఇన్నేళ్ళయినా పెళ్ళానికి ఉత్తరం రాయడం మానని మనిషి ఈ జిల్లాలో మీరొక్కరే అయ్యుంటారు. రహీం కవరు చేతికిస్తూ "ఏంది పిన్నమ్మా, కొత్త పెండ్లికొడుకు మాదిరి రాస్తాండాడే చిన్నాయన" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఈసారి మీ అలవాటే నాకు కలిసొచ్చింది. మీ గదిలో ఏడెనిమిది మంది ఉన్నారు, అందరూ మన వైపు వాళ్ళే. మీరేమో ఫోను స్పీకర్లో పెట్టి కూర తరుగుతూ మాట్లాడతారు. అక్కడ ఒకరు విన్న మాట తెల్లారేసరికి మన వీధి కొళాయి దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే మన వీధి కలీం మీ కువైట్‌కే బయలుదేరుతున్నాడని తెలిసి కూర్చుని రాస్తున్నాను. వాడి చేతికిచ్చిన గోంగూర పచ్చడి అందరికీ పంచండి. ఉత్తరం మాత్రం బయటికి తీసుకుపోయి ఒక్కరే చదువుకోండి.

మీరు అడిగినవి ముందు చెప్తాను. మిద్దె మీద రేకులు మొన్నటి గాలికి లేచాయి. ఖలీల్ తన షాపు నుంచి వెల్డింగ్ మిషను తెచ్చి మళ్ళీ బిగించాడు. కొళాయి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తున్నాయి. కోడలు మహీన్ పులివెందులలో, పుట్టింట్లో ఉంది. బిడ్డ ఎదుగుదల బాగుందని స్కానింగ్‌లో చెప్పారట. వాళ్ళమ్మ పొద్దున్నే రాగిసంగటి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంటుందని నాకు ఫోన్ చేసి చాడీలు చెప్తుంది. ఆ పిల్ల గొంతు వింటే నాకు కాస్త ఊపిరి ఆడుతుంది.

నా షుగరు ఎట్లా ఉందని అడిగారు. మామిడిపండ్ల కాలం, నోరు కట్టుకోమని రాశారు. నాకు షుగరు లేదు. ఏనాడూ లేదు. అమ్మ షుగరు ఎక్కువై పడిపోయింది, కడపలో చేర్పించామని ఖలీల్ మీకు ఫోన్ చేసి చెప్పాడు. వాడికి ఆ పూట అంతకంటే నోరు రాలేదు. ఆ తర్వాత ఆ మాట దిద్దే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

మీరు ఖలీల్ పెళ్ళికి వచ్చి రెండు నెలలు ఉండి పోయారు కదా. కొత్త కోడలు ఇంట్లో తిరుగుతుంటే నన్ను "అత్తగారూ" అని పిలిచి ఏడిపించేవాళ్ళు. మీరు పోయిన తర్వాత నాకు నెల తప్పింది. నలభై మూడేళ్ళు వచ్చాయి, ఇక ఆగిపోయే వయసే అనుకున్నాను. మా అమ్మకూ ఇదే వయసులో ఆగింది. కడుపు ఉబ్బరంగా ఉందంటే వీధి చివర మందులిచ్చే ఆయన గ్యాసు బిళ్ళలు ఇచ్చాడు. అవే మింగుతూ వచ్చాను. చలికాలంలో ఒక మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతుంటే లోపల కదిలింది. ఖలీల్ తర్వాత పాతికేళ్ళు ఏమీ నిలవని కడుపు. అయినా ఆ కదలిక ఏమిటో ఒళ్ళు మరిచిపోలేదు.

ఈ మాట రాయడానికి చేయి ఆడకే ఇంతసేపు రేకుల గురించి రాశాను. నేను కడుపుతో ఉన్నాను.

ముందు సంతోషమే కలిగింది, అది దాచను. ఆడపిల్ల కావాలని మనం ఎన్ని దర్గాల్లో చాదర్లు కప్పించామో మీకు తెలుసు. ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. మన వీధి వనజమ్మ నలభై దాటాక కన్నప్పుడు కొళాయి దగ్గర ఏమేం మాట్లాడుకున్నామో గుర్తొచ్చింది. "కొడుకు మీసాలు దిద్దుకుంటాంటే ఈమెకు పాలడబ్బాలు కావాల్సొచ్చె" అన్నది నేనే. అందరూ బిందెలు కింద పెట్టి మరీ నవ్వారు. ఆ నవ్వు ఇప్పుడు నా వెనక ఎట్లా వినిపిస్తుందో నాకు తెలుసు. పైగా సరిగ్గా అప్పుడే మహీన్‌కు నెల తప్పిందని తెలిసింది. ఇల్లంతా పండగ. కోడలు వేవిళ్ళతో పడుకుని ఉంటే అత్త పోయి "నాకూ అదే" అని ఎట్లా చెప్తుంది? ఒకే ఇంట్లో ఇద్దరు చూలాళ్ళు ఉండకూడదని మా వియ్యపురాలు పెళ్ళిలోనే ఎవరి గురించో అంటుంటే విన్నాను. మహీన్‌ను ఏడో నెలలో పుట్టింటికి తీసుకుపోతారు, ఆ పిల్ల పోయాక ఏదో ఒకటి చూసుకుందామని కొంగు నిండుగా కప్పుకుని తిరిగాను. నేను మొదటి నుంచీ కాస్త ఒళ్ళున్న మనిషిని కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

నేనేమీ పట్టించుకోలేదని మాత్రం అనుకోకండి. ఎట్లా పట్టించుకున్నానో చెప్తే మీరు తల కొట్టుకుంటారు.

ప్రతి నెలా తొమ్మిదో తేదీన సర్కారు ఆసుపత్రిలో కడుపుతో ఉన్నవాళ్ళను చూస్తారు. మన వీధి ఆశా కార్యకర్త గోవిందమ్మ ముందురోజే వచ్చి "రేపు కోడల్ని పిల్చకరాక్కా" అని గుర్తుచేసి పోయేది. మహీన్‌కు తోడు నేనే పోయేదాన్ని. అక్కడ వరండాలో ఒక పొడుగు బల్ల ఉంటుంది. జనం ఎక్కువైతే నర్సమ్మ వచ్చి "తోడొచ్చినోళ్ళు లేయండమ్మా, కడుపుతో ఉండేటోళ్ళకు జాగా ఇయ్యండి" అనేది. నేను లేచేదాన్ని. మహీన్ కార్డు, నీళ్ళ సీసా పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. ఆ నర్సమ్మ మాటలో తప్పేమీ లేదు. నలభై దాటిన ఆడమనిషి పక్కన చిన్నపిల్లను పెట్టుకుని వస్తే ఎవరైనా తోడు వచ్చినామె అనే అనుకుంటారు.

అక్కడ చెప్పే ప్రతి మాటా చెవులు రిక్కించి వినేదాన్ని. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటే ఇంటికొచ్చి నేనూ ఎడమ పక్కకే పడుకున్నాను. మహీన్‌కు ఇచ్చిన ఇనుము బిళ్ళలు ఆ పిల్లకు వాంతి తెప్పిస్తాయని సగం పారేయబోయేది. పారేయొద్దని తీసుకుని నేను మింగాను. కాల్షియం బిళ్ళలూ అంతే. నర్సమ్మ మహీన్ చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి "బీపీ బాగుంది" అంటే గోడ దగ్గర నిలబడిన నాకు గుండె కుదుటపడేది. ఆమెకు బాగుంటే నాకూ బాగున్నట్టే లెక్క వేసుకున్నాను. నవ్వకండి. అప్పుడు అది నాకు తెలివిగానే తోచింది. ఆసుపత్రికి పోతున్నాను, మందులు మింగుతున్నాను, చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాను, ఎవరికీ తెలియడం లేదు. నా చేతికి ఆ పట్టీ కట్టించుకోవడం ఒక్కటే మిగిలిపోయింది.

అంతలో రంజాన్ వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు రోజా ఉండనక్కర్లేదు, తర్వాత తీర్చుకోవచ్చని మీకూ తెలుసు. మహీన్ ఉండలేదు. నేను ఉండకపోతే మాత్రం ఎందుకని అడుగుతారు. ముట్టు అని చెప్పి ఎన్నాళ్ళు తప్పించుకుంటాను? అల్లా ఇచ్చిన సడలింపు వాడుకుంటే వీధిలో వాళ్ళకు తెలిసిపోతుందని భయపడి నెలంతా రోజా ఉన్నాను. మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రం అసర్ నమాజు వేళకు తల పగిలిపోయేది, కళ్ళ ముందు మిణుగురులు ఎగిరేవి. అదంతా ఉపవాసం వల్లే అనుకున్నాను. మీరు వీడియోలో చూసి, ముఖం నిండుగా ఉంది, కోడలు బాగా మేపుతున్నట్టుందే అన్నారు గుర్తుందా? అది ఒళ్ళు కాదు, వాపు.

మహీన్ పండక్కి నాకు గాజులు తెచ్చింది. ఎప్పుడూ వేసుకునే కొలతే, బొటనవేలి ఎముక దాటి రాలేదు. ఆ పిల్ల సబ్బు రాసి ఎక్కించబోయి ఆగింది. నా చేతి మీద వేలితో నొక్కి చూసింది. గుంట పడింది.

"అత్తా, ఆడ ఆసుపత్రిలో నాకు ఇట్లనే నొక్కి చూస్తారే. గుంట పడకూడదంటారు. నీకేందిట్లా పడె?" అంది.

ఉప్పు ఎక్కువ తిన్నానులే అని చేయి లాక్కున్నాను. ఆ పిల్లకు అప్పుడే అర్థమైందట. కానీ అత్తను ఆ మాట ఎట్లా అడగాలో తెలియక, మొగుడికి ఎట్లా చెప్పాలో అంతకన్నా తెలియక ఊరుకుందట. నాకు చెప్పడానికి సిగ్గు, ఆ పిల్లకు అడగడానికి సిగ్గు. ఒకే వంటింట్లో పక్కపక్కనే కూర్చుని షీర్‌ఖుర్మా పాయసానికి ఖర్జూరాలు తరిగాం.

పండగ అయ్యాక లోపల కదలిక తగ్గింది. అప్పుడు నాకు నిజంగా భయం పట్టుకుంది. జాకెట్లకు లైనింగు గుడ్డ తెస్తానని చెప్పి ప్రొద్దుటూరు బస్సెక్కాను. అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు లేరు కదా. ఒక లేడీ డాక్టరు దగ్గరికి పోయాను. చీటీ రాసే అమ్మాయి నన్ను చూసి, నా వెనక వైపు చూసి "పేషెంటు యాడుండాది పెద్దమ్మా?" అంది. కొంగు సర్దుకున్నాను. రెండోసారి అడిగితే నేనేనని చెప్పాను. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు అందరూ తల తిప్పారు.

డాక్టరమ్మ ఒక చేతికి పట్టీ కట్టి చూసి, నమ్మనట్టు రెండో చేతికి కూడా కట్టింది.

"ఇన్ని నెలలు ఏం చేస్తాంటివమ్మా? ఒక్కసారన్నా ఆసుపత్రికి పోయి చూపిచ్చుకోవాలని తెలీదా?" అంది.

"ప్రతి నెలా పోతానే ఉండాను మేడం" అన్నాను. అది అబద్ధం కాదు.

కడుపు మీద మిషను పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. కుట్టుమిషను గబగబా తొక్కినట్టుంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. "బిడ్డ బతికే ఉండాది. నీ బీపీనే శానా ఎక్కువుంది, ఏ నిమిషంలో ఏమైతాదో చెప్పలేం. ఇంటికి పోవద్దు. ఈడ్నుంచి ఈడ్నే కడప పెద్దాసుపత్రికి పో. ఇంట్లో వాళ్ళ నంబరియ్యి, నేను మాట్లాడ్తా" అని చేయి చాపింది. నేను ఫోను ఇవ్వలేదు. ఇప్పుడే పోతానని చెప్పి, ఆమె రాసిచ్చిన చీటీ తీసుకుని బస్టాండుకు వచ్చాను.

తర్వాత నేను చేసింది ఖలీల్‌కు తెలియదు, మహీన్‌కు తెలియదు. మీకే మొదట చెప్తున్నాను. కడప బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను దాని పక్కనుంచి నడిచి జమ్మలమడుగు బస్సెక్కాను.

మర్నాడు మహీన్‌కు సత్వాసా. ఏడో నెల ఒడి నింపి, కోడల్ని పుట్టింటికి సాగనంపే పండగ. పులివెందుల నుంచి వియ్యపురాలు, వాళ్ళ బంధువులు చీరలూ పండ్లూ పూలూ తీసుకుని బయలుదేరుతున్నారు. ఒక్క రోజే కదా అనుకున్నాను. వాళ్ళు భోజనాలు చేసి పిల్లను తీసుకుని పోగానే ఖలీల్‌కు చెప్పి కడపకు పోదామనుకున్నాను. కోడలి ఒడి నిండే రోజున అత్త కడుపు బయటపడితే, వచ్చినవాళ్ళు ఆ పిల్లను చూస్తారా, నన్ను చూస్తారా? ఆమె పండగ నా వల్ల నవ్వులపాలు కాకూడదనుకున్నాను. ఇంటికొచ్చి అల్లం వెల్లుల్లి నూరాను.

మరుసటి రోజు మహీన్ జడలో పూలు గుచ్చుతుండటం వరకు నాకు గుర్తుంది. మిగతాది అంతా ఆ పిల్ల చెప్పిందే. నాకు మూర్ఛ వచ్చి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ చాప మీదే పడిపోయానట. ఖలీల్ 108కు ఫోన్ చేశాడు. బండిలో వచ్చినాయన లోపలికి వచ్చి, తల మీద కప్పిన పూల చాదర్ కింద నిండు కడుపుతో ఏడుస్తున్న మహీన్‌ను చూసి, తనను పిలిచింది ఈమె కోసమే అనుకున్నాడట. ఆ పిల్ల చేతికే పట్టీ కట్టబోయాడట.

"నాక్కాదన్నా, మా అత్తకు కట్టు. మా అత్త కూడా కడుపుతో ఉండాది" అని మహీన్ అందరి ముందూ చెప్పింది.

ఇన్ని నెలలు ఎవరెవరికి తెలియకూడదని నేను దాచానో వాళ్ళంతా ఆ గదిలోనే ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదట. వియ్యపురాలు నా తల తన ఒళ్ళో పెట్టుకుని, బండి కడప చేరేదాకా ఖురాన్‌లో తనకు వచ్చిందంతా చదువుతూనే ఉందట. ఖలీల్ ఆ మాట విన్నాడు కానీ వాడి తలకెక్కలేదు. ఆసుపత్రిలో డాక్టరు "మీ అమ్మకు ఎన్నో నెల?" అని అడిగితే "నా భార్యకు ఏడో నెల సార్" అన్నాడట. డాక్టరు మళ్ళీ అడిగాడట. వాడు మళ్ళీ అదే చెప్పాడట.

ఆడపిల్ల. పుట్టకముందే పోయింది. నేను తెలివిలో లేను, ముఖం చూడలేదు. మహీన్ చూసింది. ముక్కు మీ ముక్కేనట.

నాకు తెలివి వచ్చాక వియ్యపురాలు నా మంచం పక్కన కూర్చుని "ఒక్క మాట చెప్పింటే నేను పండగ ఆపుకుని నిన్ను తీస్కపోయుంటిని కదా వదినా" అంది. ఒకే ఇంట్లో ఇద్దరు చూలాళ్ళ మాట నేను ఎత్తితే, అది ఊరికే నలుగురిలో అనే మాటేనని చెప్పి ఏడ్చింది. గోవిందమ్మ కూడా వచ్చింది. "నెలనెలా మీ ఇంటికొస్తి. నీ చేత్తో టీ తాగితి. నిన్ను అడగాల్నని నాకు తోచకపాయె కదక్కా" అని నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమెను ఏమని అనను? అడిగినా నేను లేదనే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆమే వచ్చి నన్ను తీసుకుపోయి బీపీ చూపిస్తోంది. బిళ్ళలు వేళకు వేసుకుంటున్నాను. ఈసారి నా పేరు మీద ఇచ్చిన బిళ్ళలే. వీధిలో నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. వనజమ్మ మాత్రం ఒకరోజు గిన్నెలో రసం తెచ్చి మాట్లాడకుండా పెట్టి పోయింది.

మీ ఉత్తరంలో చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. ఖలీల్ ఫోన్లో పొడిపొడిగా మాట్లాడుతున్నాడు, షాపులో ఏమైనా ఇబ్బందా అని అడిగారు. షాపు బాగానే ఉంది. ఆ రోజు బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి వాడి చేతికే ఇచ్చారు. కడప నుంచి ఇక్కడి దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పెన్న పక్క ఖబరస్తాన్‌లో మీ అమ్మ దగ్గరే మట్టి ఇచ్చాడు. పేరు పెట్టాలని పెద్దలు చెబితే, నాయనను అడిగి పెడతానన్నాడట. తనకో చెల్లెలు ఉందని వాడికి తెలిసిందీ, ఆ చెల్లెలిని మట్టిలో పెట్టిందీ ఒక్క పూటలోనే జరిగిపోయింది.

నేను ఇంటికి వచ్చాక కూడా వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కోపం అనుకున్నాను. అందరి ముందూ తల కొట్టేసినట్టయిందేమో అనుకున్నాను. మొన్న అన్నం పెడుతుంటే కంచం పక్కకు జరిపాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతా. నాకు చెల్లెలు పుడ్తాందంటే నేను సిగ్గుపడ్తానని నీకెవరు చెప్పినారు?" అన్నాడు.

ఎవరి పేరు చెప్పను? ఎవరూ చెప్పలేదు.

"చిన్నప్పుడు అందరి ఇండ్లల్లో ఇద్దరు ముగ్గురు ఉంటే నేనొక్కణ్ణే మిద్దె మీద ఆడుకుంటాంటి. నీకు తెలీదా?" అని లేచి చేయి కడుక్కున్నాడు.

మిమ్మల్ని కూడా అదే అడుగుదామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ముందే చెప్పి ఉంటే మీరు ఏమనేవాళ్ళు? సిగ్గుపడేవాళ్ళా, కోప్పడేవాళ్ళా? ఇక్కడి దాకా రాశాక ఆ జవాబు నాకు వద్దనిపిస్తోంది. కోప్పడేవాణ్ణని రాస్తే భరిస్తాను. సంతోషపడేవాణ్ణని రాస్తే నేను బతకలేను. అందుకని దాని గురించి ఏమీ రాయకండి. నన్ను ఓదార్చొద్దు, తిట్టొద్దు. ఒక కాగితం మీద ఆడపిల్ల పేరు ఒకటి రాసి పంపండి. ఖలీల్ కాచుకుని ఉన్నాడు.

ఇట్లు,
ఇద్దరు బిడ్డల తల్లి,
మీ మహమూదా